బల్ల మీద బంగాళాఖాతం

ఆటకు రాసుకున్న ప్రతి నిబంధనా ఆ ఆటలోని లోకం దేనికి విలువ కడుతున్నదో చెబుతుంది. దేనికి పాచిక వేయాలో, దేనికి అక్కర్లేదో, ఏ విషయంలో నలుగురి ఓటు అడగాలో, ఏ విషయాన్ని ఒక్కరి మాటకు వదిలేయాలో తేల్చుకున్నప్పుడే, ఆడేవారి దృష్టి ఎటు పోతుందో కూడా చాలావరకు తేలిపోతుంది. సముద్రపు దొంగల కథను బల్ల చుట్టూ కూర్చుని ఆడదలచి అందుకు సొంతంగా నిబంధనలు రాసుకునేవారు తరచుగా ఫిరంగులతో మొదలుపెట్టి, గుండు ఎంత దూరం పోతుంది, ఎంత నష్టం చేస్తుంది, మళ్లీ మందు దట్టించడానికి ఎంతసేపు పడుతుంది అనే లెక్కల్లోనే సగం కాగితాలు నింపేస్తారు. ఆ లెక్కలు అవసరమే అయినా, ఫిరంగులు వర్తకుల ఓడలకూ ఉండేవి, రాజుల ఓడలకూ ఉండేవి. వాటాల పట్టిక, నాయకుణ్ణి ఎన్నుకునే హక్కు, దించే హక్కు, గాయపడినవాడికి ఉమ్మడి సొమ్ములోంచి పరిహారం, ఈ మూడూ దొంగల ఓడను తక్కిన ఓడలనుంచి వేరుచేశాయి కనుక, నిబంధనల రచన అక్కడినుంచే మొదలుకావాలి.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు ఒకచోట చేరి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను తమదిగా చేసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో మాటల్లో చెబుతూ, ఫలితం ఎటూ తేలనిచోట పాచిక వేసి తేల్చుకునే ఆట. లోకాన్నీ, అందులోని తక్కిన మనుషులనూ నడిపించే బాధ్యత గేమ్ మాస్టర్ అనే ఒకరిది. నెలల తరబడి ఒకే కథగా సాగే ఆటను క్యాంపెయిన్ అంటారు. అచ్చు పుస్తకంలో లేని, ఆ బృందమే తన అవసరానికి రాసుకున్న నిబంధనలకు హోమ్‌బ్రూ అని పేరు. పేరు కొత్తదైనా పద్ధతి తెలుగు ఇళ్లకు కొత్తది కాదు: అష్టాచెమ్మాలో ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి గడుల్లోకి వెళ్లవచ్చా, వరసగా మూడు అష్టాలు పడితే ఆ పందెం చెల్లుతుందా అన్న ప్రశ్నలకు ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు ఉండేది, గవ్వలు చేతిలోకి తీసుకునే ముందే ఆ జవాబును ఖాయం చేసుకునేవారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత కొండాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా విస్తరించిన ఐటీ కారిడార్‌లో ఈ కథల ఆట బోర్డ్‌గేమ్ కేఫ్‌లలోకీ, అపార్ట్‌మెంట్ హాళ్లలోకీ, శని ఆదివారాల్లోకీ చేరింది. అక్కడ బల్ల చుట్టూ కూర్చునేవారిలో పగలంతా సాఫ్ట్‌వేర్ రాసేవారు ఎక్కువ కనుక, నిబంధనను రాయడం, పరీక్షించడం, సవరించడం వారికి వేరే చెప్పనక్కరలేని పని.

సముద్రానికి ఈ ఆట పుట్టుకలోనే చోటుంది. 1974లో అమెరికాలో వెలువడి ఈ రకం ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను రూపొందించిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు అంతకుముందు, 1970ల తొలినాళ్లలో, మైక్ కార్‌తో కలిసి తెరచాప ఓడల యుద్ధానికి డోంట్ గివ్ అప్ ద షిప్ అనే నిబంధనల పుస్తకం రాశారు. వారిద్దరి మొదటి ఉమ్మడి రచన అదే. ఆ తరువాత సముద్రపు దొంగల కోసం ప్రత్యేకంగా 1999లో సెవెన్త్ సీ వంటి ఆటలు వచ్చాయి, 2019లో గోస్ట్స్ ఆఫ్ సాల్ట్‌మార్ష్ అనే సంపుటం ఓడల నిబంధనలను విస్తరించింది. అయినా ఇళ్లలో హోమ్‌బ్రూ రాయడం ఆగలేదు, దానికి కారణం తేలిగ్గానే కనబడుతుంది. ఓడల యుద్ధాన్ని ఇద్దరు మల్లుల పోరులాగే నడిపే పద్ధతిలో ఓడకు కొంత ప్రాణబలం ఇచ్చి, దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గించి, సున్నా కాగానే ముంచేస్తారు. అప్పుడు చుక్కాని పట్టినవాడు ఒక్కడే ఆడుతుంటే తక్కినవారు వంతు కోసం ఎదురుచూస్తారు, తమ ఓడ మునిగితే కథే ముగుస్తుంది, ఎదుటి ఓడ మునిగితే దోచుకోవలసిన సరుకంతా అడుక్కి పోతుంది. దొంగకు కావలసింది ఎదుటి ఓడ చెక్కు చెదరకుండా లొంగిపోవడం. కాబట్టి బాగా రాసిన సముద్ర నిబంధన ఓడ చెక్కను కొలవడానికి ముందు అందులోని మనుషుల ధైర్యాన్ని కొలవాలి.

ఇందుకు పనికొచ్చే సాధనం పాత పుస్తకాల్లోనే ఉంది. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సంపుటంలో ప్రతి ప్రత్యర్థికీ 2 నుంచి 12 వరకు ఒక ధైర్యపు అంకె ఇచ్చి, ఆరు ముఖాల పాచికలు రెండు వేసినప్పుడు మొత్తం ఆ అంకెను మించితే ప్రత్యర్థి వెనక్కి తగ్గుతాడని రాశారు. ధైర్యం 7 ఉన్న వర్తకుల ఓడ ఈ లెక్కన 36 అవకాశాల్లో 15 సార్లు, అంటే సుమారు నూటికి 42 వంతున లొంగుతుంది. దీనిమీద జెండాల నిబంధన ఒకటి కట్టవచ్చు. నల్లజెండా ఎత్తడం లొంగినవారిని చంపబోమన్న మాట, ఎర్రజెండా ఎత్తడం ఎవరినీ విడవబోమన్న హెచ్చరిక అని తెరచాప ఓడల కాలపు ఆచారం. నల్లజెండా ఎదుటివారి ధైర్యాన్ని 2 తగ్గిస్తే లొంగే అవకాశం నూటికి 72కు చేరుతుంది. ఎర్రజెండా ఎదుట లొంగినా చావు తప్పదు గనుక ధైర్యం 2 పెరిగి ఆ అవకాశం 17కు పడిపోతుంది. అయితే నల్లజెండా ఎత్తి, లొంగినవారిని ఒక్కసారి చంపినా ఆ తీరమంతటా ఆ ఓడ జెండాకు విలువ పోతుందని, తగ్గింపు ఇక వర్తించదని చేర్చినప్పుడు ఈ నిబంధనకు నిజమైన బలం వస్తుంది. మాట నిలబెట్టుకోవడం నీతిబోధగా కాక ఓడకున్న ఆస్తిగా బల్ల మీదికి వస్తుంది, దాన్ని పోగొట్టుకోవాలా వద్దా అని ఆటగాళ్లు గొంతు తగ్గించి చర్చించుకోవలసి వస్తుంది.

దొంగల ఒప్పందపత్రాల్లో పేరెన్నికగన్నది బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడది. అతడు 1722లో ఆఫ్రికా తీరాన చనిపోగా, 1724లో కెప్టెన్ చార్లెస్ జాన్సన్ పేరుతో లండన్‌లో వెలువడిన సముద్రపు దొంగల చరిత్రలో ఆ షరతుల సారాంశం అచ్చయింది. ముఖ్యమైన వ్యవహారాల్లో ప్రతివాడికీ ఓటు, తాజా ఆహారంలోనూ మద్యంలోనూ సమానహక్కు, రాత్రి ఎనిమిదికి దీపాలు ఆర్పడం, ఓడమీద ఒకరినొకరు కొట్టుకోకుండా తగాదాలను ఒడ్డున తేల్చుకోవడం, డబ్బు పందెం కట్టి పేకాడరాదు, పాచికలాడరాదు అనడం అందులో ఉన్నాయి. సంతకాలున్న అసలు పత్రాన్ని పట్టుబడే వేళ సముద్రంలో పారేశారని జాన్సన్ రాశాడు. అది చేతికి చిక్కితే ప్రతి సంతకమూ ఉరిశిక్షకు సాక్ష్యమయ్యేది. ఈ ఒక్క వివరాన్ని ఆటలోకి తెచ్చినా చాలు. క్యాంపెయిన్ తొలిరోజున ఆటగాళ్లు తమ పాత్రల పేర్లతో నిజమైన కాగితం మీద షరతులు రాసి సంతకాలు చేసి బల్ల మధ్యలో పెడితే, ఓడ పట్టుబడబోయే ఘట్టంలో ఆ కాగితాన్ని చింపడానికి ఎవరైనా తమ వంతును వెచ్చించాలని నిబంధన ఉంటే, కాగితానికి ఫిరంగికున్నంత బరువు వస్తుంది.

ఓటు నిబంధన రాయడం మాత్రం పైకి కనిపించినంత సులువు కాదు. చరిత్రలో కెప్టెన్‌కు వేట, పోరాటం సాగినంతసేపు తిరుగులేని అధికారం ఉండేది, మిగతా సమయంలో అతడూ అందరిలో ఒకడు. సరుకు పంపకం, చిన్న తగాదాలు, తిండి కొలతలు చూసేందుకు సిబ్బంది ఎన్నుకున్న క్వార్టర్‌మాస్టర్ వేరే ఉండేవాడు, అతడి చేతిలోని అధికారం కెప్టెన్‌కు పగ్గం వేసేది. దీన్ని ఆటలోకి అనువదిస్తే రెండు స్థితులు ఏర్పడతాయి: పోరాటస్థితిలో ఒకరి ఆజ్ఞ, మామూలు స్థితిలో అందరి ఓటు. సాఫ్ట్‌వేర్ రాసే చేయి వెంటనే ఈ రెండు స్థితుల మధ్య ఒక గీత గీసి, దిగంతంలో తెరచాప కనబడగానే పోరాటస్థితి మొదలు, ఓడ లొంగగానే ముగింపు అని రాసేస్తుంది. అలా రాసిన నిబంధనలో సందేహం ఉండదు, కానీ నాటకమూ ఉండదు. అసలు పోరాటం మొదలైందని ప్రకటించేది ఎవరు అన్న ప్రశ్నను తెరిచి ఉంచితేనే అధికారం ఎలా జారిపోతుందో, ఎలా పట్టుబడుతుందో ఆటలో అనుభవానికి వస్తుంది. దూరాన కనబడినది చేపల పడవే కావచ్చునని క్వార్టర్‌మాస్టర్ అంటున్నా కెప్టెన్ వేట మొదలైందని అరిచి ఓటును వాయిదా వేయించవచ్చు. ఆ ప్రకటన పొరపాటని తేలితే అతడి పదవి వెంటనే ఓటుకు వస్తుందని రాసుకుంటే, ప్రతి ప్రకటనా ఒక సాహసమవుతుంది. కంప్యూటర్ మీద నడిచే నిబంధనకూ మనుషుల మధ్య నడిచే నిబంధనకూ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది: మొదటిదానిలో ఖాళీ వదలడం లోపం, రెండోదానిలో సరైనచోట వదిలిన ఖాళీయే ఆటకు ఊపిరి.

వాటాల లెక్క ఇంతకంటే సూటిగా ఉంటుంది. రాబర్ట్స్ షరతుల్లో కెప్టెన్‌కూ క్వార్టర్‌మాస్టర్‌కూ రెండేసి వాటాలు, ఓడ నడిపే మాస్టర్‌కూ, తాళ్లూ తెరచాపలూ చూసే బోసన్‌కూ, ఫిరంగులు చూసే గన్నర్‌కూ ఒకటిన్నర చొప్పున, సామాన్య నావికుడికి ఒకటి. ఇరవైమంది ఉన్న చిన్న ఓడను తీసుకుంటే పై ఐదుగురికీ కలిపి ఎనిమిదిన్నర, మిగిలిన పదిహేనుమందికి పదిహేను, మొత్తం 23.5 వాటాలు అవుతాయి. 4,700 వరహాల కొల్లలో నావికుడికి 200, గన్నర్‌కు 300, కెప్టెన్‌కు 400 దక్కుతాయి. ఆటగాళ్లు ఐదుగురే పై ఐదు పదవుల్లో ఉన్నా, ఆ 4,700లో 3,000 వరహాలు వారి చేతికి రానివి. పేర్లు పెట్టని ఆ పదిహేనుమంది కూడా ఓటున్న మనుషులేనని గుర్తుచేసే అంకె అది. పరిహారానికి అంతకంటే పాత పట్టిక సముద్రపు దొంగల మీద 1678లో డచ్చి భాషలో అచ్చయిన ఎక్స్‌క్వెమెలిన్ గ్రంథంలో ఉంది: కుడిచేయి పోతే 600 వెండి నాణేలు, ఎడమచేయికి 500, కుడికాలుకు 500, ఎడమకాలుకు 400, కన్నుకు 100, వేలికి 100. పంపకానికి ముందే ఈ మొత్తాలను తీసివేయాలి కాబట్టి, ప్రాణబలం తగ్గడం అనే పలచని లెక్క స్థానంలో, గాయపడిన తోటివాడి ఖర్చును అందరూ మోసే ఏర్పాటు వస్తుంది.

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ కరీబియన్ సముద్రపు, అట్లాంటిక్ సముద్రపు ఆచారాలు. అచ్చు పుస్తకాలూ సినిమాలూ అలవాటు చేసిన ఆ దీవులను వదిలి సైబరాబాద్ బల్ల తన సముద్రాన్ని దగ్గరలోనే వెతుక్కోవచ్చు, వెతుక్కోవాలి కూడా. ఐటీ కారిడార్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని గోల్కొండ కోటకు సముద్రద్వారం మచిలీపట్నం. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకస్థావరాలు పెట్టుకున్నారు. ఈనాటి 65వ జాతీయ రహదారి కూడా హైదరాబాదును దాటి విజయవాడ మీదుగా ఆ రేవులోనే ముగుస్తుంది. అద్దకపు బట్టలు ఇక్కడినుంచి పర్షియాకూ, పెగూకూ, అచేకూ పోయేవి, సయాం పాలనలోని మెర్గీ రేవునుంచి ఏనుగులు ఓడలమీద వచ్చేవి. ఏనుగు ఎక్కిన ఓడను కొల్లగొట్టిన ఆటగాళ్లకు దాన్ని ఎక్కడ దించాలి, నీళ్లెలా పట్టాలి అన్న సమస్య ఒక్కటే ఒక సాయంత్రానికి సరిపోతుంది.

ఈ తీరపు కథకు నిజమైన నాయకుడో ప్రతినాయకుడో కావలసివస్తే శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు ఉన్నాడు. మెర్గీ మచిలీపట్నాల మధ్య ఓడ నడిపి, 1680ల్లో సయాం రాజు నారాయ్ కొలువులో మెర్గీకి షాబందరు, అంటే రేవు అధికారి అయిన ఇతడు, సయాంకూ గోల్కొండకూ మధ్య ఏర్పడిన వైరాన్ని అవకాశంగా తీసుకుని, రాజాజ్ఞ పేరుతో బంగాళాఖాతంలో గోల్కొండ ఓడలనూ ఇతర వర్తకుల ఓడలనూ పట్టి సొంత ఆస్తి పెంచుకున్నాడు. 1687లో మెర్గీలో ఇంగ్లీషువారి ఊచకోత జరిగింది, అతడు తప్పించుకుని ఇంగ్లండు చేరాడు. అదే ఏడాది ఔరంగజేబు ముట్టడికి గోల్కొండ పడిపోయింది. చేతిలో ఒక రాజు ముద్రవేసిన కాగితం ఉన్నందుకు అతడు అధికారి, అది లేకుంటే దొంగ. అంతకు శతాబ్దం ముందే పోర్చుగీసువారు కార్తాజ్ అనే అనుమతిపత్రం కొనని ఓడను పట్టుకోవచ్చునన్న ఆచారాన్ని ఈ జలాల్లో బలవంతంగా నెలకొల్పారు. అందువల్ల ఈ సముద్రంలో జరిగే ఆటకు అనుమతిపత్రాల నిబంధన ప్రాణం వంటిది: ఆటగాళ్ల దగ్గర ఎవరెవరి పత్రాలున్నాయో, వాటిలో ఏవి దొంగపత్రాలో, ఏ రేవులో ఏది చెల్లుతుందో రాసి ఉంచుకుంటే, ఒకే పని ఒక రేవులో నౌకాదళ సేవగానూ పక్క రేవులో ఉరికి తగిన నేరంగానూ లెక్కకు వస్తుంది.

రేవుల స్వభావానికి ఇంకా పాత ఆధారం తెలుగు నేలమీదే ఉంది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం, తుఫానుకు చెదిరి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారని, తాను మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రయానం చేసేవారిమీద దయతో నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోనని ప్రకటిస్తుంది. ఒక శాసనం తీరపు ఆర్థికవ్యవస్థను ఎలా మారుస్తుందో ఇంతకంటే చక్కగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం, నిబంధనలు రాసేవారు దీన్ని చదివితీరాలి. ఆటలో ప్రతి రేవుకూ ఒక అభయపు అంకె ఇస్తే, అది ఎక్కువైన రేవుకు వర్తకులు ఎక్కువగా వస్తారు, ఆ దారిలో వేటకు ఓడలు దొరుకుతాయి, కానీ దొంగసొత్తు అక్కడ అమ్ముడుపోదు. అంకె తక్కువైన రేవు దొంగను ఆదరిస్తుంది, అయితే దాని ముందు సముద్రం ఖాళీగా ఉంటుంది, పైగా తుఫానులో తమ ఓడే పగిలి ఒడ్డుకు చేరితే ఆ రేవు పాలకుడే వారిని దోచుకుంటాడు. దొంగలు తమకే తెలియకుండా అభయశాసనాన్ని కోరుకునే పరిస్థితి ఏర్పడుతుంది.

తుఫానును ఒక పాచికతో వచ్చిపోయే ఆపదగా రాయడం ఈ తీరానికి అన్యాయం. 1839 నవంబరులో కోరంగి రేవు ఉప్పెనలో నాశనమైంది, 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నంలో వేలమంది చనిపోయారు. అక్టోబరు, నవంబరు నెలల భయం ఏడాది పొడవునా నావికుల ప్రణాళికలను శాసించింది కనుక క్యాంపెయిన్‌కు రుతువుల క్యాలెండర్ తప్పనిసరి. ఇక్కడి రేవుల్లో చాలావాటికి సహజమైన ఆశ్రయం లేదు; ఓడలు బయట లంగరు వేసుకుంటే, మేకులు కొట్టకుండా కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవలు కెరటాల మీదుగా సరుకును ఒడ్డుకు చేర్చేవి. అంటే సరుకు దించే రోజులన్నీ ఓడకు గండపు రోజులే. ఆకాశమూ అలల తీరూ చూసి నావికుల పెద్ద అయిన తండేలు హెచ్చరించినప్పుడు, సగం దించిన సరుకును వదిలి సముద్రంలోకి పారిపోవాలా, మిగతా సగం కోసం ఇంకో రోజు ఆగాలా అన్నది ఓటుకు పెడితే, ముందు రాసుకున్న వాటాల పట్టికే ఒక్కొక్కరి ఓటును ఎటో లాగుతుంది.

చరిత్రను దగ్గరగా తెచ్చుకునేవారు దాని క్రూరత్వాన్ని ఎంతవరకు బల్లమీద ఉంచాలో కూడా తేల్చుకోవాలి. ఎక్స్‌క్వెమెలిన్ పట్టికలో నాణేలకు బదులు బానిసలను కూడా పరిహారంగా లెక్కగట్టారు. అరకాన్, పోర్చుగీసు దోపిడీదారులు బెంగాల్ తీరంనుంచి మనుషులను ఎత్తుకుపోయారు. కోరమండల్ తీరంలో కరువు ఏళ్లలో డచ్చివారు మనుషులను కొని ఓడలెక్కించారు. మనుషుల్ని సరుకుల పట్టికలో ఒక ధరతో రాసే నిబంధన ఏ బల్లమీదా ఉండకూడదు. ఆ ఓడలను విడిపించడం కథ కావచ్చు, ఆ వ్యాపారం ప్రస్తావనకే రాకూడదని బృందం అనుకోవచ్చు. ఏదైనా దాన్ని ఆట మొదలుకాకముందే, సెషన్ జీరో అనే తొలి సమావేశంలో, ఎవరు ఏది భరించగలరో అడిగి ఖాయం చేయాలి. ఒప్పందపత్రం మీద సంతకాలు చేసే సమావేశమూ అదే కనుక, పాత్రల షరతులూ మనుషుల షరతులూ ఒకే కాగితానికి రెండువైపులా రాసుకోవడం మంచి పద్ధతి.

ఇక ఈ కారిడార్‌కే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. రాత్రి షిఫ్టులు, వారాంతపు రిలీజ్‌లు, హఠాత్తుగా వచ్చే ఆన్‌సైట్ అవకాశాలు ఐదుగురి బృందాన్ని ఏ నెలలోనైనా ముగ్గురిని చేస్తాయి. రానివారి పాత్ర ఒడ్డున పనిలో ఉందని, దాని వాటా సగానికి తగ్గి జమవుతుందని, తిరిగి వచ్చిననాడు ఓటు హక్కు యథాతథంగా ఉంటుందని ముందే రాసుకున్న బృందాలు నిలబడతాయి. ఎప్పటికీ రాలేనివారి కోసం రాబర్ట్స్ షరతుల్లో మరొకటి అక్కరకు వస్తుంది: తలకు వెయ్యి పౌండ్ల చొప్పున పంచుకునేవరకు విడిపోయే మాట ఎవరూ ఎత్తరాదని అతడి సిబ్బంది ఒప్పుకున్నారు. క్యాంపెయిన్‌కూ అలాంటి అంకె ఒకటి ఉంటే కథ ఎక్కడ ముగియాలో అందరికీ తెలుస్తుంది, ప్రతి పంపకమూ ఆ ముగింపుకు దూరాన్ని కొలుస్తుంది. ఆ అంకె ఎంత ఉండాలన్నది తొలి సమావేశంలోనే ఓటుకు పెట్టాలి. ఆ ఓటులో కెప్టెన్‌కు రెండు వాటాలున్నా, గేమ్ మాస్టర్ చేతిలో సముద్రమంతా ఉన్నా, ఒక్కొక్కరికి ఒక్క ఓటే.